శుక్రవారం రాత్రి, తెల్లవారితే యూటీసీ

తణుకులో మా బాబాయికి ఓ ఫంక్షన్ హాలుంది. బుకింగులన్నీ ఎర్ర అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. ఒక పెళ్లిలో ఆ పుస్తకం సాంబారు గుండిగలో పడింది. తీసి ఎండబెట్టారు గానీ, కార్తీక మాసం మొత్తం కరివేపాకు కింద ఉండిపోయింది. "ఒరేయ్, నువ్వు హైదరాబాదులో చేసే ఉద్యోగం ఏదో ఇలాంటిదేగా, దీన్ని కంప్యూటర్లో పెట్టించు. డబ్బు మాత్రం అడక్కు" అన్నాడు.

డబ్బు అడగని సాఫ్ట్‌వేర్ అంటే ఓపెన్ సోర్సే. హాళ్ల బుకింగులకి పనికొచ్చేది వెతికితే దొరికింది. ఎక్కడో యూరప్‌లో ఒకాయన పగలు ఉద్యోగం చేసుకుని రాత్రిళ్లు దీన్ని రాసి ఊరికే పంచిపెడుతున్నాడు. దానికో సెట్టింగుల గైడు కూడా ఉంది. చూస్తే ముచ్చటేసింది. 'టైమ్‌జోన్ అన్నచోట మీ ప్రాంతం రాయండి, ఉదాహరణకి ఏషియా/కోల్‌కతా' అని మన దేశాన్నే చూపించాడు. అలాగే రాశాను. ఒక్క ఎర్ర అక్షరం కనపడకుండా సాఫ్ట్‌వేర్ లేచి కూర్చుంది. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, రిటైర్‌మెంటు సన్మానాలు అన్నీ ఎవరి తేదీలో వాళ్లకి చక్కగా జరిగిపోయాయి. బాబాయి ఎర్ర పుస్తకాన్ని అటకెక్కించాడు.

తర్వాత మాఘమాసం వచ్చింది.

మన పెళ్లి ముహూర్తాలు మనుషులు మెలకువగా ఉండే వేళల్లో పడవు కదా. పంతులుగారు తెల్లవారుజామున 3.12 కి పెట్టారు. శుభలేఖలో 'శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం' అని వేశారు. మన శుభలేఖ భాషని ఎవరూ మెచ్చుకోరు గానీ, ఇంత జాగ్రత్తగా రాసిన డాక్యుమెంటేషన్ నేను సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో అరుదుగా చూశాను. ఏ లెక్కలో చదివినా చుట్టాలు సరైన రాత్రికే వస్తారు. బాబాయి మాత్రం కంప్యూటరుకి శనివారం, 3.12 అని గడియారం లెక్కలో చెప్పాడు. రిమార్కుల్లో 'తె.జా. 3.12 ముహూర్తం' అని కొట్టాడు. తప్పేం లేదు.

గురువారం సాయంత్రం గుమస్తా వారం క్యాలెండర్ ప్రింటు తీసిచ్చాడు. పెళ్లి శుక్రవారం గడిలో ఉంది. బాబాయి నలభై ఏళ్ల అనుభవస్థుడు. శుక్రవారం తెల్లవారుజాము ముహూర్తమంటే హాలు గురువారం రాత్రికే సిద్ధం కావాలి. అంటే ఇవాళే! కంప్యూటర్ ఒక రోజు వెనక్కి లాగితే, అనుభవం ఇంకో రోజు వెనక్కి లాగింది. వంటవాళ్లకి ఫోన్లు వెళ్లాయి, పూలవాడికి ఫోన్లు వెళ్లాయి. ఏడింటికల్లా వెనక వరండాలో నాలుగొందల మందికి సరిపడా వంకాయలు తరిగేశారు. సన్నాయి మేళం వచ్చి మంచినీళ్లడిగింది. పెళ్లివారు మాత్రం జాడ లేరు.

బాబాయి ఆడపెళ్లివారి పెద్దాయనకి ఫోను చేశాడు.

"ఏవండీ, ఇంకా బయల్దేరలేదా?"

"ఎక్కడికండీ?"

"ఎక్కడికేంటండీ, మీ అమ్మాయి పెళ్లికి!"

అవతల కాసేపు చప్పుడు లేదు. ఆ కాసేపట్లో ఆయన తన కూతురు పెళ్లి తేదీనే అనుమానించాడట, శుభలేఖ తెప్పించి చూసుకున్నాడట.

అంతటితో ఆగితే వంకాయల ఖర్చుతో పోయేది. శుక్రవారం రాత్రి తెల్లవారితే శనివారం అన్న గడి ఖాళీగా కనపడింది కదా అని, గుమస్తా దాన్ని ఓణీల ఫంక్షనుకి ఇచ్చేశాడు. ఆ రాత్రి గేటు దగ్గర రెండు ఫ్లెక్సీలు. ఓణీల వాళ్లు మంచివాళ్లు, తొమ్మిదిన్నరకల్లా భోజనాలు ముగించి స్టేజీ అప్పగించారు. ఈలోగా మగపెళ్లివారి తరఫు పెద్దమనిషొకాయన ఓణీల పిల్లకి పెళ్లి కవరు చేతిలో పెట్టి, దీర్ఘసుమంగళీభవ అని దీవించి, అక్కడొకసారీ ఇక్కడొకసారీ భోంచేసి వెళ్లాడు.

నాకు ఫోనొచ్చింది. తిట్లు వదిలేస్తాను. లోపల చూస్తే సంగతి ఇదీ. యూటీసీ అంటే ప్రపంచంలోని గడియారాలన్నీ లెక్కకి పట్టుకునే మూల సమయం. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. భారత కాలమానానికి ఆధారమైన రేఖాంశం కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది, తణుకు నుంచి ఏమంత దూరం కాదు. అయినా ఆ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వరుకి అది పట్టలేదు, యూటీసీలోనే కాపురం చేస్తోంది. శనివారం 3.12 అంటే దానికి శుక్రవారం రాత్రి 9.42. పగటి ఫంక్షన్లకి తేదీ మారదు కాబట్టి మాఘమాసం దాకా గుట్టు బయటపడలేదు.

మరి నేను రాసిన 'టైమ్‌జోన్' ఏమైనట్టు? కొత్త వెర్షనులో ఆ సెట్టింగు పేరు 'డిఫాల్ట్ టైమ్‌జోన్' అయింది. గైడులో పాత పేరే ఉంది. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే పరిచయ పత్రం రీడ్‌మీలో కొత్త పేరుంది, కానీ దాన్ని ఏ ఫైల్లో రాయాలో లేదు. వికీలో మూడో పేరుంది, అది ఎప్పుడు ఉండేదో ఎవరికీ తెలియదు. నమూనా ఫైల్లో రెండు పేర్లూ ఉన్నాయి, రెండిటి ముందూ హ్యాష్ గుర్తుంది, అంటే రెండిటినీ చదవకుండా వదిలెయ్యమని. మార్పుల పట్టీలో ఈ మొత్తం వ్యవహారానికి ఒకే వాక్యం: 'సెట్టింగుల పేర్లు చక్కబెట్టాం.'

ఆ యూరప్ ఆయన్ని అనడానికి నాకు నోరు రాదు. కోడులో ఒక్క పేరు మార్చడం అర నిమిషం పని. దాని కోసం నాలుగు చోట్ల దిద్దాలంటే, అదీ ఉద్యోగం నుంచి ఇంటికొచ్చాక అర్ధరాత్రి, మనిషికి ఓపిక ఎక్కడుంటుంది? నన్ను మండించింది మాత్రం ఒకటే. తనకి తెలియని పేరు సెట్టింగుల్లో కనపడితే ఆ సాఫ్ట్‌వేర్ కిమ్మనదు. మొహమాటం గల అల్లుడిలా తలూపి, తన పని తను చేసుకుపోతుంది.

డేటా దాచిపెట్టే పోస్ట్‌గ్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఆ మొహమాటం లేదు. 2019లో వచ్చిన 12వ వెర్షనులో రికవరీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలుని ఎత్తేశారు. పాత గైడు చూసి ఎవరైనా ఆ ఫైలు పెడితే, సర్వరు అసలు లేవనంటుంది. అలాంటిదే ఇంకోటి, మైఎస్‌క్యూఎల్ కూడా అంతే. 2018లో 8.0 వెర్షను వచ్చినప్పుడు, ఒకసారి అడిగినదానికి జవాబు దాచుకునే క్వెరీ క్యాష్ తీసేశారు. సెట్టింగుల్లో 'క్వెరీ క్యాష్ సైజ్' మిగిలిపోయిందా, ఈ పేరు నేనెరగనని చెప్పి కూర్చుంటుంది. అప్పట్లో అర్ధరాత్రి వాటిని నానా మాటలూ అన్నాను. వంకాయల బిల్లు చూశాక ఆ మాటలన్నీ వెనక్కి తీసుకున్నాను.

పేరు మార్చీ పరువుగా ఉండే దారి ఇంకోటుంది. 2001లో కల్‌కత్తా కోల్‌కతా అయింది. ప్రపంచం మొత్తం వాడే టైమ్‌జోన్ల పట్టికలో ఊరి పేరు మార్చారు గానీ, పాత పేరుని తరిమేయలేదు. అలాంటి పాత పేర్లకోసమే 'బ్యాక్‌వర్డ్' అని ఒక ఫైలుంచారు. ఏషియా/కల్‌కత్తా అన్నా అదే అయిదున్నర గంటలు.

ఇదంతా రాసి, గైడు దిద్ది, తెలియని పేరుకి సర్వరు కేకలేసేలా నాలుగు లైన్ల కోడు కలిపి ఆ యూరప్ ఆయనకి పంపాను. పాపం, వెంటనే జవాబిచ్చాడు. థాంక్సు చెప్పి, ఇది సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టు కూడా రాయమన్నాడు. రాసి పంపితే ఒక సందేహం: 'ఉదాహరణలో పెళ్లి తెల్లవారుజాము మూడింటికి పెట్టారు, పొరపాటా?' పొరపాటు కాదు బాబూ, మా దగ్గర అది శుభం అని లగ్నాల గురించి ఓ పేజీడు రాశాను. ఆ పేజీ మొత్తాన్ని ఆయన గైడులో అతికించేశాడు. సెట్టింగు పేరుకి ఒక లైను, మన లగ్నాలకి ఇరవై లైన్లు.

పంతులుగారు మాత్రం దిద్దడమే తప్పన్నారు. "రోజు మారేది సూర్యోదయానికి గానీ అర్ధరాత్రికి కాదు నాయనా. ఆ మిషను శుక్రవారం అనే చెప్పింది, శాస్త్రం కూడా శుక్రవారమే అంటుంది. తప్పు ఎవరిది?" అన్నారు. లెక్కేస్తే నిజమే. యూటీసీలో తేదీ మారేసరికి మనకి తెల్లవారి 5.30. కాస్త అటూ ఇటూగా తణుకులో పొద్దుపొడుపు. లండన్ గడియారం మన పంచాంగంతో కలిసింది, మధ్యలో మనమే విడిపోయాం. బాబాయి నన్నోసారి అదోలా చూశాడు.

మొత్తానికి సర్వరు సరైంది. తెల్లవారుజాము ముహూర్తాలు వాటి గళ్లలో అవి పడుతున్నాయి. హాయిగా ఉన్నాననుకుంటుండగా గుమస్తా నుంచి ఫోను. "బాబూ, బుధవారం రాత్రి లగ్నం వాళ్లు హాలుకొచ్చి గొడవ చేస్తున్నారండి. మన లెక్కలో వాళ్లది గురువారం రాత్రి కదండీ?"

"మన లెక్కేంటి?"

నేను సర్వరు బాగుచేసేలోగా ఇబ్బంది పడకూడదని ఆయనే ఓ కాగితం మీద 'గమనిక: రాత్రి ముహూర్తాలకు కంప్యూటరు తేదీకి ఒకటి కలుపుకొనవలెను' అని రాసి మానిటరుకి అంటించాడట. ఆ రోజు నుంచీ శ్రద్ధగా కలుపుతూనే ఉన్నాడు.

"ఆ కాగితం ఇప్పుడే చింపెయ్యండి" అన్నాను.

"చిరగదండి బాబూ. పాడైపోతుందని లామినేషన్ చేయించేశాను, ఆయ్."