పెళ్ళిచూపుల్లేని సంబంధాలు

ఒక ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఫంక్షన్ని (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కని) ఇంకో భాష పిలిచేటప్పుడు దానికి ఆర్గ్యుమెంట్లు, అంటే ఆ పనికి కావలసిన విలువలు, పంపించే పద్ధతి బాగోలేదని ఈమధ్య కుర్రకారు గోల చేస్తోంది. రకం చూడరట, లెక్క చూడరట, తప్పు పంపినా ఒక్క ముక్క అనరట. ఇంత మర్యాదగల వ్యవస్థ మీద నోరు పారేసుకోవడం ఎవరికీ తగదు. నిజానిజాలు పాఠకుల ముందు పెట్టాల్సిన బాధ్యత మాకుంది కాబట్టి పెడుతున్నాం.

ముందు మధ్యవర్తి సంగతి. పైథాన్‌కి ఫోర్ట్రాన్ కావలసి వచ్చినా, రస్ట్‌కి స్విఫ్ట్‌తో పని పడినా నేరుగా మాట్లాడుకునే అలవాటు వాటికి లేదు. మధ్యలో సి అనే భాష ఉండి తీరాలి. 1972 ప్రాంతంలో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన ఈ పెద్దమనిషి భాషాలోకానికి పెళ్ళిళ్ళ పేరయ్య. మెమరీ భద్రత అనే మాటే ఎరగనివాడని రస్ట్ అభిమానులు సభలు పెట్టి మరీ ఆయన్ని తిడతారు. సభ ముగిశాక ఎవరితోనైనా మాట కలపాలంటే, సి పద్ధతికే ఒప్పుకుంటూ ఎక్స్‌టర్న్ "సి" అని రాసుకుని ఆయన గుమ్మం ముందే నిలబడతారు. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఈయనకి ఒక్క అబద్ధం కూడా అక్కర్లేదు. అసలు నోరే విప్పడు. కంపైల్ అయిన, అంటే యంత్రభాషలోకి మారిన సి లైబ్రరీలో ఫంక్షన్ పేరు ఉంటుంది, చిరునామా ఉంటుంది. అది ఎన్ని ఆర్గ్యుమెంట్లు తీసుకుంటుందో, అవి అంకెలో అక్షరాలో అందులోని పేర్ల పట్టిక అయిన సింబల్ టేబుల్లో రాసి ఉండదు. సంబంధం కుదరడానికి అంతకన్నా ఏం కావాలి?

సి++ వైపు ఆ బిడియం లేదు. ఆర్గ్యుమెంట్ల గోత్రాలన్నీ పేరులోనే కుక్కుతుంది. ఒక ఇంటు (పూర్ణాంకం), ఒక డబుల్ (దశాంశ సంఖ్య) తీసుకునే ఫూ అనే ఫంక్షన్ని జీసీసీ కంపైలర్ చేతికిస్తే _జెడ్3ఫూఐడి అయి బయటికొస్తుంది. అన్నీ ముందే చెప్పుకునేవాళ్ళతో ఎవరు వియ్యమందుతారు? అందుకే అదీ చివరికి ఆ వివరాలు చెరిపేసుకుని, అదే ఎక్స్‌టర్న్ "సి" రాసుకుంటుంది.

ఇప్పుడు ఒక నమూనా చూద్దాం. 2006లో వచ్చిన పైథాన్ 2.5 నుంచి సి లైబ్రరీలని పిలవడానికి సీటైప్స్ అనే మాడ్యూల్ భాషతోపాటే వస్తోంది. దాంతో సి గణిత లైబ్రరీ తెరిచి, వర్గమూలం తీసే ఎస్‌క్యూఆర్‌టీకి 16 పంపండి. అదనపు వివరాలేమీ రాయకండి. 64-బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద లినక్స్‌లో పూర్ణాంకాలకి ఆర్‌డీఐతో మొదలయ్యే రిజిస్టర్లు (ఆర్గ్యుమెంట్లు పెట్టే ప్రాసెసర్ లోపలి చిన్న అరలు), దశాంశాలకి ఎక్స్‌ఎంఎం0తో మొదలయ్యేవి. మీరు పంపింది పూర్ణాంకం కాబట్టి సీటైప్స్ దాన్ని ఆర్‌డీఐలో పెడుతుంది. ఎస్‌క్యూఆర్‌టీ డబుల్ కోసం ఎక్స్‌ఎంఎం0 చూస్తుంది. అంతకుముందు ఎవరో వదిలేసిపోయిన విలువేదో అక్కడుంటుంది. దానికే చిత్తశుద్ధితో వర్గమూలం తీసి, జవాబు ఎక్స్‌ఎంఎం0లోనే పెడుతుంది. సి ఫంక్షన్లన్నీ పూర్ణాంకమే తిరిగిస్తాయని సీటైప్స్ నమ్మకం. అది పూర్ణాంక జవాబులుండే ఈఏఎక్స్ అనే రిజిస్టర్లోకి తొంగిచూసి, అక్కడ పడి ఉన్న అంకె తెచ్చి మీ చేతిలో పెడుతుంది. పంపినవాడు పద్ధతి ప్రకారం పంపాడు, చేసినవాడు పద్ధతి ప్రకారం చేశాడు, తెచ్చినవాడు పద్ధతి ప్రకారం తెచ్చాడు. వచ్చింది 4 కాకపోతే అందులో ఎవరి తప్పూ లేదు. విచారణ సంఘం వేసినా ఇదే తేలుతుంది.

16కి బదులు 16.0 పంపితే మాత్రం ఎలా మార్చాలో తెలియదంటూ సీటైప్స్ ఎర్రర్ ఇస్తుంది. ఆ పాతకాలపు ముక్కుసూటితనం ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండటం విచారకరం. ఆర్గ్యుమెంట్ల రకాలు చెప్పే ఆర్గ్‌టైప్స్, జవాబు రకం చెప్పే రెస్‌టైప్ అని రెండు లైన్లు ముందే రాస్తే సరిపోతుందని కొందరు సలహాలిస్తుంటారు. రాయవచ్చు. రాసినవి నిజమో కాదో సరిచూసేవాడు ఎవరని అడిగితే వాళ్ళు ఫోన్ వచ్చిందని బయటికి వెళ్తారు.

మన భాషకి ఇక్కడ దక్కుతున్న గౌరవం గురించి తెలుగువాళ్ళకే తెలియదు. "తెలుగు" అన్న మాట తీసుకోండి. కంటికి మూడక్షరాలు. పైథాన్‌ని దాని పొడవెంతని అడిగితే 6 అంటుంది, ఎత్వాన్నీ రెండు కొమ్ముల్నీ విడిగా లెక్కపెట్టి. దాన్నే అక్షరాలని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లోకి మార్చి, పొడవు లెక్కపెట్టే సి వారి ఎస్‌టీఆర్‌లెన్‌కి పంపితే 18 అంటుంది, ఒక్కోదానికి మూడు బైట్లు కాబట్టి. మార్చకుండా పైథాన్ స్ట్రింగ్‌ని ఉన్నదున్నట్టు పంపితే? 2. సీటైప్స్ దాన్ని వెడల్పు అక్షరాలుగా పంపిస్తుంది, లినక్స్‌లో ఒక్కోటి నాలుగు బైట్లు. "త" యూనికోడ్ సంఖ్య 0సి24. మన యంత్రాలు చిన్న బైటు ముందు పెడతాయి కాబట్టి మెమరీలో అది 24, 0సి, సున్నా, సున్నా. ఎస్‌టీఆర్‌లెన్ మొదటి సున్నా కనబడగానే మాట అయిపోయిందనుకుని ఆగిపోతుంది. రోమన్ లిపిలో "హలో" రాసి ఇలాగే పంపి చూడండి, 1 వస్తుంది. ఇంగ్లిష్‌కి 1, తెలుగుకి 2. 2008లో మనకొచ్చిన ప్రాచీన హోదా ఉత్త కాగితం కాదని ఇప్పటికైనా ఒప్పుకోవాలి.

చిల్లర అభియోగాలు ఇంకా ఉన్నాయి. లాంగ్ అనే రకం 64-బిట్ లినక్స్‌లో 8 బైట్లు, 64-బిట్ విండోస్‌లో 4. సిలో ఒక పోలిక నిజమైతే 1 వస్తుంది, పాత విజువల్ బేసిక్‌లో ట్రూ విలువ −1. నిజం ఊరికొక రకంగా ఉండటం ఈ దేశంలో ఎవరికి కొత్త?

ఇక అసలు ఘట్టం. 1957 నాటి ఫోర్ట్రాన్ వంశంలో అక్షరాల ఆర్గ్యుమెంటు పంపితే కంపైలర్ దాని పొడవుని కూడా జాబితా చివర గుట్టుగా జతచేస్తుంది. ప్రోగ్రాములో అది కనబడదు. లాప్యాక్ అనే ప్రసిద్ధ ఫోర్ట్రాన్ గణిత లైబ్రరీకి, మ్యాట్రిక్స్ పై సగమా కింది సగమా అని చెప్పడానికి యూ, ఎల్ అని ఒక్కో అక్షరం పంపుతారు. పొడవు ఎప్పుడూ 1. ఎప్పుడూ 1 అయ్యేదాన్ని పనిగట్టుకుని పంపడమెందుకని, గణాంకాలకి వాడే ఆర్ భాషతో సహా ఎన్నో చోట్ల సి కోడ్ దాన్ని ఎగ్గొట్టింది. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. 2019 నాటికి జీఎఫ్‌ఫోర్ట్రాన్ అనే ఫోర్ట్రాన్ కంపైలర్ పొదుపు నేర్చింది. చివర్లో ఇంకో ఫంక్షన్ని పిలవాల్సి వస్తే కొత్త చోటు అడక్కుండా, తనకొచ్చిన ఆర్గ్యుమెంట్ల చోటునే తిరిగి వాడుకోసాగింది. ఆ పొడవు కోసం పిలిచినవాడు చోటే ఇవ్వలేదు. ఇచ్చాడనుకుని జీఎఫ్‌ఫోర్ట్రాన్ అక్కడ 1 రాసింది. అది పిలిచినవాడి సొంత సరుకు మీద పడి, ఆర్ ప్యాకేజీలు కుప్పకూలాయి.

ఆర్ వాళ్ళు తమ వైపు పొడవులు పంపడం మొదలుపెట్టారు. మిగతా లోకం సంగతేమిటని జీఎఫ్‌ఫోర్ట్రాన్‌లో టెయిల్-కాల్-వర్క్‌అరౌండ్ అని ఒక ఆప్షన్ పెట్టారు. ఆర్గ్యుమెంటు ఎగ్గొట్టినవాళ్ళ పాత ప్రోగ్రాములు ఎప్పటిలాగే నడవడానికి ఈ ఏర్పాటు. దీన్ని వాడితే స్టాక్ (ఫంక్షన్లు వాడుకునే మెమరీ చోటు) చాలక క్రాష్ కావచ్చనీ, కోడ్ సరిచేసుకోవాలని గట్టిగా సిఫారసు చేస్తున్నామనీ, మున్ముందు దీన్ని తీసేసే అవకాశం ఉందనీ మాన్యువల్లో రాశారు. ప్రస్తుతానికి ఎవరూ అడక్కపోయినా అది ఆన్‌లోనే ఉంటుందని కూడా అక్కడే రాశారు.