కప్పుకి 240, కర్ణం మల్లీశ్వరికి 240

ఆటగాళ్ళకి ఇష్టమైన వంటలంటూ అమెరికాలో ఒకప్పుడు పుస్తకాలు తెగ వచ్చేవి. స్పైరల్ బైండింగు. ఎడమ పేజీలో కండలు, కుడి పేజీలో క్యాసరోల్, అంటే అన్నీ ఒకే గిన్నెలో కలిపి ఓవెన్‌లో పెట్టే వంట. అలాంటి పాత పుస్తకం ఒకటి శ్రీకాకుళం వంటింట్లో అడుగుపెడితే జిల్లా క్రీడారంగం ఏమైపోతుందో ఇంతవరకూ ఎవరూ పట్టించుకోకపోవడం విచారకరం.

ముందు పోయేది ఓవెన్. పుస్తకం 350 డిగ్రీలంటుంది. అది ఫారెన్‌హీట్, మన లెక్కలో 175, 180. మన ఇళ్ళలోని ఓవెన్ మీట 250 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, ఇంకో వంద తక్కువైందని బాధపడుతూ దాన్ని చివరికంటా తిప్పేస్తారు. పైన మసి, అడుగున పచ్చి. తరవాత వెన్న. ‘ఒక స్టిక్’ అంటే 113 గ్రాములు, ఐస్‌క్రీం పుల్లకి అంటినంత కాదు. ఇక డబ్బా పుట్టగొడుగుల సూపు. అది నీళ్ళు కలపని చిక్కటి సరుకు. దాని బదులు పొట్లం సూపు కాచి పోస్తే క్యాసరోల్ కాదు, చారు వస్తుంది. 30 గ్రాముల వెన్నలో 30 గ్రాముల మైదా పచ్చివాసన పోయేదాకా వేయించి, 250 మిల్లీలీటర్ల చల్లటి పాలు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే పని జరుగుతుంది. ఒకేసారి గుమ్మరిస్తే ఉండలే.

కప్పు విషయం మాత్రం గంభీరమైనది. వాళ్ళ కప్పు 240 మిల్లీలీటర్లు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో, బరువులెత్తే పోటీల 69 కిలోల విభాగంలో, ఒకే ఊపున తలపైకెత్తే స్నాచ్‌లో 110, ముందు భుజాలదాకా తెచ్చి ఆపైన ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, వెరసి 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. దీన్ని కాకతాళీయం అనేవాళ్ళని సంపాదకవర్గంలోకి రానివ్వకూడదు.

సంపాదకవర్గం ఎందుకంటే, మన పుస్తకం మనమే వేసుకోవాలి కనక. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడి పేజీ దగ్గర జాగ్రత్త: ఇంటిపేరు చూసి కోడికూర అచ్చేసే ఉత్సాహవంతులు మనలో తక్కువేం లేరు.

అసలు రావలసింది చోడి అంబలి, అంటే రాగి అంబలి. ఫోటోకి పనికిరాదని దాన్నే తీసేస్తారు, బురదలా ఉంటుందట. ఉంటుంది. గ్లాసు చోడిపిండిని రెండు గ్లాసుల నీళ్ళలో జారుగా కలిపి రాత్రంతా కుండలో ఉంచాలి. ఎండాకాలం ఎనిమిది గంటల్లోనే పులుస్తుంది, చలికాలం మధ్యాహ్నందాకా ఆగాలి. నాలుగు గ్లాసుల ఎసట్లో గుప్పెడు నూకలు మెత్తగా ఉడికాక, ఆ పిండినీళ్ళు పోస్తూ గరిటె ఆపకుండా తిప్పాలి. పొడిపిండి నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే పైపొర అప్పటికప్పుడు ఉడికి బిగుసుకుంటుంది, లోపల పొడి అలాగే మిగులుతుంది, అదే ఉండ. సన్నసెగ మీద పది, పదిహేను నిమిషాల్లో రంగు ముదిరి మెరుపొస్తుంది. చల్లారాకే మజ్జిగ, లేకపోతే విరుగుతుంది. పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ పక్కన.

ఇంత చెప్పాక కూడా పేచీ ఒకటుంది. ఈ పుస్తకాల్లో ఎడమ పేజీ కొడుకుది, కుడి పేజీ తల్లిది. పేరు మాత్రం కొడుక్కే. నెల్లిమర్ల పక్క కొండవెలగాడలో బరువులెత్తే పిల్లల్ని అడిగి చూడండి: మగవాళ్ళ బార్ 20 కిలోలు, ఆడవాళ్ళది 15, ప్లేట్లు జారకుండా బిగించే కాలర్ ఒక్కోటి రెండున్నర, ఏ రంగు ప్లేటు ఎంత బరువో నిద్రలో లేపినా చెబుతారు. అంబలిలో ఉప్పెంతో అడగండి. లోపలికి తిరిగి అమ్మని కేకేస్తారు.

వంటింట్లోంచి జవాబొస్తుంది: ‘సరిపడా’.

దాన్ని గ్రాముల్లోకి మార్చడానికి ఉపసంఘం వేయాలి.