శాంతి కొమ్మ గారికి ఓ విన్నపం

మహారాజశ్రీ ఆలివ్ చెట్టు గారికి,

ఉభయకుశలోపరి అని రాయాలనే ఉంది. కానీ ఇటలీ దక్షిణాన పుల్యాలో 2013 నుంచి జైలెల్లా అనే బాక్టీరియా మీవాళ్లను లక్షల్లో ఎండబెట్టిందని విన్నాను. కాబట్టి మా కుశలం వరకే రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. శాంతి శాఖ మీకు ఎవరు కట్టబెట్టారండీ? మీ పాత రికార్డు ఎవరూ చూడలేదా?

మీ రాకే ఓ తగాదాతో మొదలైంది. ఊరు నాదంటే నాదని గ్రీకుల ఎథీనా దేవి, సముద్ర దేవుడు పొసైడన్ పంతానికి దిగారు. ఆయన త్రిశూలంతో పొడిచి ఉప్పునీళ్లు తెప్పించాడు, ఆవిడ మిమ్మల్ని నాటింది. తీర్పు ఆవిడ వైపు వచ్చేసరికి ఆయనకు ఒళ్లు మండి పొలాల మీదికి వరద వదిలాడు. ఇదీ ఏథెన్స్ కథ. తర్వాత ఆ ఊళ్లోనే మీ పవిత్ర వృక్షాలను నరికినవాడికి మరణశిక్ష అన్నారు. శాంతి చిహ్నాన్ని ముట్టుకుంటే ప్రాణం తీస్తారన్నమాట! ఇక గ్రీకు కథల వీరుడు ఒడీసియస్ ఒంటికన్ను రాక్షసుడి కన్ను పొడిచింది దేనితో? పచ్చి ఆలివ్ దుంగ చివర చెక్కి, నిప్పుల్లో కాల్చి.

ఈమధ్యవి చూద్దాం. అమెరికా రాజముద్ర మీద గద్ద ఒక కాలితో మీ కొమ్మనూ, రెండో కాలితో 13 బాణాలనూ పట్టుకుని ఉంటుంది. అధ్యక్షుడి ముద్ర మీద మాత్రం గద్ద చాలాకాలం బాణాల వైపే చూసేది. దాని తల మీ కొమ్మ వైపు తిప్పించింది అప్పటి అధ్యక్షుడు ట్రూమన్, 1945 అక్టోబరులో. హిరోషిమా మీద బాంబు వేసి మూడు నెలలైనా కాలేదు! మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి ప్రపంచ పటానికి అటూ ఇటూ మీ కొమ్మలే పెట్టుకుంది. 1974లో అదే సమితి సభకు పాలస్తీనా నాయకుడు యాసర్ అరాఫత్ వచ్చి, తాను ఆలివ్ కొమ్మనూ తుపాకీనీ తెచ్చానని చెప్పాడు. పాపం, మీరెక్కడికి వెళ్లినా పక్కన ఆయుధం లేకుండా పంపరు.

పాలస్తీనా వాళ్ల వెస్ట్ బ్యాంక్‌లో ఇప్పటికీ కోత సీజన్ వస్తే చాలా ఊళ్లలో టెన్షనే. ఇజ్రాయెలీలు కట్టుకున్న కాలనీల (సెటిల్‌మెంట్ల) పక్కన తోటలున్న పాలస్తీనా రైతు తన చెట్టు తాను దులుపుకోవడానికి ఇజ్రాయెల్ సైన్యం ఒప్పుకోవాలి. ఒప్పుకున్నా, వెళ్లేసరికి చెట్లు నరికేసి ఉన్న సందర్భాలున్నాయి. ఇక్కడ నాకు వెటకారం రావడం లేదు.

మీ తరఫున ఒక మాట చెప్పాలి. రాళ్ల నేలలో, వానలు లేని వేసవిలో నిలబడతారు. మొదలంటా కొట్టేసినా వేరు నుంచి చిగురిస్తారు. నాటినవాడు కాపు కోసం ఏళ్ల తరబడి ఆగాలి, అసలు పంట మనవలు తింటారు. ఊళ్లో సైన్యాలు తిరుగుతుంటే అంత ఓపిక ఎవడికుంటుంది? శాంతి ఉన్నచోట మీరు పెరుగుతారు, నిజమే. మిమ్మల్ని చూపిస్తే శాంతి వచ్చేస్తుందని నాయకులు దాన్ని తిరగేసి చదివారు.

అన్నట్టు, మా పారిజాతం మీకు చుట్టమేనట. వృక్షశాస్త్రం వాళ్లు ఇద్దర్నీ ఒకే కుటుంబంలో రాశారు. ఆ చెట్టు కోసం సత్యభామ అలగడం, కృష్ణుడు ఏకంగా ఇంద్రుడితో యుద్ధానికి దిగడం మాకు తెలిసిందే. గొడవలు మీ వంశంలోనే ఉన్నట్టున్నాయి.

విన్నపం ఒక్కటే. ఈసారి శాంతి చర్చల్లో మిమ్మల్ని బల్ల మీద పెడితే, ఒట్టి కొమ్మతో సరిపెట్టనివ్వకండి. కాయలు కూడా పెట్టమనండి. సీసాలో దొరికేవి కాదు, ఉప్పునీళ్లలో ఊరబెట్టని పచ్చివి. నోట్లో పెట్టుకోలేనంత చేదు. కెమెరాలు ఆన్ చేశాక, సంతకాలకు ముందు, ఇద్దరు నాయకులూ తలా ఒకటి నమిలి మింగాలి. ఉమ్మేసినవాడి పెన్ను లాక్కోండి.

ఇట్లు,
ఆవకాయలోకి మిమ్మల్ని రానివ్వని
ఒక తెలుగువాడు