మేలో పులిట్జర్, డిసెంబర్‌లో మూత

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఓ రాత్రి ఒక పోలీసు, తాగి నడుపుతున్నారేమోనన్న అనుమానంతో కారు ఆపాడు. లోపల ఉన్నది చిన్నప్పుడు ఆదివాసీ పిల్లల కోసం నడిపిన రెసిడెన్షియల్ స్కూల్లో తనపై అఘాయిత్యం చేసిన ఫాదరీ. బయటికి లాగి చితకబాదాడు. ఆ పోలీసు పోయిన కొన్నేళ్లకు ఈ సంగతి జర్నలిస్టు అయిన కూతురు కోనీ వాకర్ చెవిన పడింది, ఆమె ఆ స్కూలు గుట్టంతా తవ్వి ‘స్టోలెన్’ పాడ్‌కాస్ట్‌గా వినిపించింది. 2023 మేలో అమెరికాలో పేరున్న మీడియా అవార్డులు పులిట్జర్, పీబడీ రెండూ వచ్చాయి. అదే ఏడాది డిసెంబర్‌లో దాన్ని నడిపే ఆడియో యాప్ కంపెనీ స్పాటిఫై ఆ షోను ఆపేసింది!

ఇదొక్కటే అయితే కర్మ అనుకోవచ్చు. ‘ఇన్ ద డార్క్’ పాడ్‌కాస్ట్ బృందం అమెరికాలోని మిసిసిపీలో ఒకే హత్య కేసులో ఆరుసార్లు విచారణ ఎదుర్కొన్న కర్టిస్ ఫ్లవర్స్ కథ పట్టుకుంది. కోర్టుల చుట్టూ తిరిగి పాత కాగితాలు స్కాన్ చేసి, జ్యూరీల (తీర్పు చెప్పే పౌర బృందాల) నుంచి నల్లవాళ్లను ప్రాసిక్యూటర్లు ఎంతమందిని తప్పించారో లెక్క తీసింది. 2019లో అమెరికా సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది, మరుసటేడు కేసే పోయింది. అలాంటి బృందాన్ని 2022లో సొంత సంస్థే వదిలించుకుంది. న్యూయార్కర్ పత్రిక చేరదీసింది కాబట్టి సరిపోయింది. ఇరాక్‌లోని హదీథాలో 2005లో అమెరికా మెరైన్లు 24 మందిని చంపిన ఘటన ఫొటోలు సైన్యం ఇవ్వకపోతే వీళ్లు కోర్టుకెక్కారు. అయినవాళ్లను పోగొట్టుకున్న ఇద్దరు ఇరాకీలు ఇల్లిల్లూ తిరిగి ఫొటోలు ఇవ్వాలని కోరుతూ బాధిత కుటుంబాల నుంచి 17 సంతకాలు సేకరించి తెచ్చారు. 2025 పులిట్జర్ ఆ పనికే.

మైకు ముందు కూర్చుని మాట్లాడితే వచ్చే అవార్డులు కావివి. ఏళ్లు పడుతుంది, ఖర్చవుతుంది. యజమానులకు టెన్షన్ అక్కడే.

మరి మన దగ్గర? ప్రైవేటు ఎఫ్ఎంలు ఆకాశవాణి వార్తలు తిరిగి వేసుకోవాలే తప్ప సొంతంగా వార్తలు చెప్పకూడదు. జహీరాబాద్ దగ్గర దళిత మహిళలు 2008లో మొదలుపెట్టిన సంఘం రేడియో లాంటి కమ్యూనిటీ స్టేషన్లకూ అదే కట్టడి. ఇది ఎత్తేయాలని మేం గట్టిగా అంటున్నాం. అయితే పాడ్‌కాస్ట్‌కు ఏ లైసెన్సూ అక్కర్లేదు కదా, అక్కడ మాత్రం ఏం చేస్తున్నాం? సినిమావాళ్లను కూర్చోబెట్టి రెండేసి గంటల ముచ్చట్లు (వాటికీ వినేవాళ్లున్నారు, కాదనం). మండలానికో విలేకరి ఉన్న తెలుగు మీడియా సంస్థలు ఒక్క మంచి రిపోర్టర్‌ను ఆరు నెలలు రోజువారీ వార్తల నుంచి తప్పించి, చేతికో రికార్డర్ ఇచ్చి, ఏళ్లుగా నానుతున్న ఒక్క కేసు వెనక పంపితే ఖర్చెంత? పండక్కి వేసే ఒక ఫుల్‌పేజీ ప్రకటన అంత కూడా కాదు.