ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ పక్కన కొలువైన స్టిక్కరు గారికి

మహారాజశ్రీ స్టిక్కరు గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరు మా ఇంట అడుగుపెట్టి ఏడాది దాటింది. మా అమ్మాయి అరచెయ్యి రోజూ తమ మీదే ఆనుతున్నా తళతళ తగ్గలేదు, ఒక్క అక్షరం చెరగలేదు. అదే ల్యాప్‌టాప్‌లో ‘ఇ’ మీట మీద అక్షరం అప్పుడే మాసిపోయింది. దేన్ని గట్టిగా చేయాలో తయారుచేసినవారికి బాగా తెలుసు.

పెళ్లిళ్ల పేరయ్యలను నేను చాలామందినే చూశాను. అబ్బాయికి ఉద్యోగం ఉందంటారు, జీతమెంత అని అడిగితే మంచినీళ్లు తెప్పించమంటారు. ల్యాప్‌టాప్ గొప్పలు చెప్పి లోట్లు దాచడంలో తమ నేర్పు ముందు వాళ్లంతా పసివాళ్లు.

అమ్మాయికి బీఆర్క్‌లో, అంటే భవనాల రూపకల్పన చదువులో, సీటు వచ్చిన రోజున కాలేజీవాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో ‘మంచి గ్రాఫిక్ కార్డు గల ల్యాప్‌టాప్’ అని ఉంది. గ్రాఫిక్ కార్డంటే తెర మీద బొమ్మల బరువు మోసే భాగమట. మంచి అంటే ఏది మంచి? అది మన అదృష్టాన్ని బట్టి కాబోలు. భవనాలు గీసే రెవిట్, ఆటోక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లను వాటి తయారీదారులైన ఆటోడెస్క్ వారు విద్యార్థులకు ఉచితంగానే ఇస్తున్నారు, ఏడాదికోసారి పొడిగించుకుంటే చాలు. ఏనుగు ఉచితం, గజశాల మాత్రం మనం కట్టుకోవాలి.

మా తోడల్లుడు ఆపిల్ కొనమన్నాడు. వాటి మీద తమ వంశస్థులెవరూ కనబడరు, ఆ శుభ్రత చూసే సగం మెత్తబడ్డాను. కానీ రెవిట్, త్రీడీ బొమ్మలు చేసే త్రీడీఎస్ మ్యాక్స్ విండోస్ తప్ప మరో గడప తొక్కవట. బావమరిదేమో ప్రాసెసరు ఐ7 కంటే తక్కువది కొంటే పరువు పోతుందన్నాడు. పేరు చివర ‘యు’ ఉన్న ఐ7 కంటే ‘హెచ్’ ఉన్న ఐ5 చాలాసార్లు ఎక్కువ బరువు లాగుతుందని ఆయనకు చెప్పినవారు లేరు. తమరు చెప్పి ఉండవచ్చు, కానీ ఆ అక్షరాన్ని తమరెప్పుడూ పైకి అనరు.

చివరికి సికింద్రాబాద్‌లో మూడు అంతస్తులు ఎక్కి దిగి, తమ మెరుపుకు లొంగిపోయాను. గ్రాఫిక్ కార్డు ‘ఆర్‌టీఎక్స్ 4050’ అని ఆకుపచ్చగా నవ్వారు. వాట్ల సంగతి మాత్రం తమ పెదవి దాటలేదు.

ఆ పేరు పెట్టుకున్న ల్యాప్‌టాప్ కార్డుకు 35 వాట్లు ఇచ్చినా 4050నే, 115 వాట్లు ఇచ్చినా 4050నే. ఎంత ఇవ్వాలన్నది తయారీదారు ఇష్టం. గంజి తాగేవాడికీ పప్పన్నం తినేవాడికీ ఒకే పేరు పెట్టి, ఇద్దరి నెత్తినా ఒకే బస్తా పెట్టారన్నమాట. పిల్లల డిజైన్లను పెద్దలు పరీక్షించే మొదటి జ్యూరీకి ముందు రాత్రి ఈ సంగతి బయటపడింది. అమ్మాయి, ఆమె స్నేహితురాలు పక్కపక్కన కూర్చుని ఒకే ఫైలును రెండరింగ్‌కు, అంటే గీసినదాన్ని ఫొటోలాంటి బొమ్మగా మార్చడానికి, పెట్టారు. రెండింటి మీదా తమ బొమ్మే. ఆ పిల్లది 14 నిమిషాల్లో ముగిసింది, మాది 22 తీసుకుంది. ఆ 22 నిమిషాలూ ఫ్యాను పిండిమరలా తిరుగుతూనే ఉంది. మిక్సీ కొంటే అట్టపెట్టె మీద 750 వాట్లని వేలెడంత అక్షరాలతో రాస్తారు. పచ్చడి రుబ్బేదానికున్న నిజాయితీ తమకు లేకపోయె!

తెర సంగతి తమరు అసలే ఎత్తలేదు. అది చూపే రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని తర్వాత తెలిసింది. ఎన్‌టీఎస్‌సీ అంటే 1953లో అమెరికావాళ్లు రంగుల టీవీ కోసం పెట్టుకున్న కొలత. దాని ప్రకారం 72 శాతం ఉంటేనే తెర మీద కంప్యూటర్లు మామూలుగా వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగులన్నీ దాదాపుగా వస్తాయి. 45 అంటే వాటిలో మూడింట రెండు వంతులు కూడా రావు. అమ్మాయి గ్రంథాలయ భవనం గీసింది, గోడలకు పాతపెంకు రంగు వేసింది. తెర మీద అది నీళ్లు కలిపిన టీలా ఉందని ఎరుపు కాస్త పెంచింది, మళ్లీ పెంచింది. మర్నాడు ప్లాటర్ అనే పెద్ద ప్రింటర్‌లోంచి ఏ1 సైజు పెద్ద కాగితం బయటికి వస్తుంటే చూడాలి, ఆవకాయ జాడీ బోర్లించినట్టు! జ్యూరీకి వచ్చిన పెద్దాయన కళ్లజోడు సవరించుకుని, “అమ్మా, ఇది అగ్నిమాపక కేంద్రమా?” అని అడిగారట.

మెమరీ ‘16 జీబీ’ అని కూడా గర్వంగా చెప్పుకున్నారు. వెనక మూత తీయిస్తే మెమరీ పెట్టే రెండు గదుల్లో ఒకటి ఖాళీ. 16 జీబీ అంతా ఒకే ముక్కగా పెట్టి, మెమరీకి ఉన్న రెండు దారుల్లో ఒకటి మూసేశారు. ఆ ఖాళీలో ఇంకో 16 పెట్టించాక రెవిట్ కాస్త ఊపిరి పీల్చుకుంది. ఈ ఒక్క విషయంలో తమకు కృతజ్ఞుణ్ని. సన్నగా నాజూగ్గా ఉండే కొన్నింటిలో ఆ గది కూడా ఉండదు, మెమరీని బోర్డుకే అతికించేస్తారు.

ఛార్జరు గురించి ఫిర్యాదు లేదు. అది అచ్చం ఇటుకే. భవనాలు కట్టబోయే పిల్ల రోజూ ఒక ఇటుక మోయడంలో తప్పేముంది? అది లేకపోతే బ్యాటరీ మీద తమ 4050 గారు ముసుగుతన్ని పడుకుంటారు. అందుకే కాలేజీ స్టూడియోలో ప్లగ్గు పక్క సీటు కోసం మా అమ్మాయి ఏడున్నరకే ఇల్లు కదులుతోంది.

నిన్న తమ ఎడమ మూల కొద్దిగా లేచింది. గోటితో లాగితే తమరు వచ్చారు, జిగురు రాలేదు. కొబ్బరినూనె రాసి ఉంచాను. తమను పారేయడానికి మాత్రం మనసొప్పలేదు, వంటింట్లో మిక్సీకి అంటించాను. 750 వాట్ల పక్కనే.

ఇట్లు,
ఇంకా పదకొండు వాయిదాలు కట్టవలసిన
ఒక తండ్రి