కనిపించలేదు అంటే లేదనా?

ఆయన ముప్పై ఏళ్లు కొండల్లో సొరంగాలు తవ్వించి, పవర్‌హౌస్‌లు కట్టించి రిటైరైన ఇంజినీరు. ఆయన మేనకోడలు సరిగ్గా అలాంటి చోట్లే మొక్కల్నీ జంతువుల్నీ లెక్కపెట్టే జీవశాస్త్రవేత్త. ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక కొండ జలవిద్యుత్ ప్రాజెక్టు పర్యావరణ నివేదిక ఉంది. అందులో ఒక పట్టిక. దాని చివరి వరసలో "అరుదైన, అంతరించే ముప్పున్న జాతులు: లేవు" అని రాసుంది. గొడవ అక్కడ మొదలైంది. నేను పక్కన కూర్చుని రాసుకున్నాను. నోరు ఆపుకోలేని చోట బ్రాకెట్లో నా మాట కూడా కలిపాను.

మేనకోడలు: "లేవు" అని ఎలా రాస్తారు మామయ్యా? "మాకు కనిపించలేదు" అని రాయాలి.

మామయ్య: నివేదిక అన్నాక ఏదో ఒకటి తేల్చి చెప్పాలి కదమ్మా. మూడు సీజన్లు తిరిగారు. నేల మీద చతురస్రాలు గీసి అందులో మొక్కలు లెక్కపెట్టే క్వాడ్రాట్లు వేశారు, జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు పెట్టారు, వలలేసి చేపలు పట్టి చూశారు. ఇంత చేసినా దొరకనిదాన్ని ఉందనుకోమంటావా?

మేనకోడలు: సీజన్‌కి ఎన్ని రోజులు తిరిగారో చూశారా? ఒకసారి ఆరు, ఒకసారి ఎనిమిది, వానాకాలంలో అయితే నాలుగు. క్వాడ్రాట్లు ఎక్కడ వేశారో మ్యాపు చూడండి. అన్నీ రోడ్డుకి అరకిలోమీటరు లోపే. జీపు ఎంతవరకు పోతే అడవి అంతవరకే అన్నమాట.

మామయ్య: ఆ లోయ ఎలా ఉంటుందో నాకు తెలుసు. నిలువు గోడ. తాళ్లు కట్టుకుని దిగాలి. సర్వేకి వెళ్లేవాళ్లూ మనుషులే.

మేనకోడలు: పునాది రాయి ఎలాంటిదో చూడాల్సి వచ్చినప్పుడు మీరు డ్రిల్లింగ్ మిషన్ని ముక్కలుగా విప్పదీసి, అదే గోడ మీదకి మోయించారు. మీరే గొప్పగా చెప్పేవారు చిన్నప్పుడు.

(ఈ దెబ్బకి ఆయన నవ్వేశారు. ఆ మిషన్ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.)

మామయ్య: సరే, అది డబ్బూ టైమూ ఇస్తే అయ్యే పని. కానీ రాయి కదలదు. ఈ రోజు బోరు వేసినా, వచ్చే ఏడు వేసినా అదే రాయి. మీ కప్పలు అలా కాదు. ఎన్నేళ్లు వెతికినా ఇంకా ఒకటేదో మిగిలే ఉందంటారు. అలా అయితే లెక్క ఎప్పటికీ ముగియదు.

మేనకోడలు: ముగియదని నేనూ ఒప్పుకుంటాను. నా బాధ అది కాదు. ఎంత వెతికారో చెప్పకుండా దొరకలేదంటున్నారే, అదీ. మీకు లెక్కలిష్టం కాబట్టి లెక్కలోనే చెప్తాను. ఒక కప్ప ఉన్న చోటికి ఒకసారి వెళ్తే అది కనబడే అవకాశం ఐదింట ఒకటి అనుకోండి. ఐదుసార్లు వెళ్లినా అది కనబడకుండా తప్పించుకునే అవకాశం నూటికి 33. పదిసార్లు వెళ్తే 11. ఐదు కంటే తగ్గాలంటే పద్నాలుగుసార్లు వెళ్లాలి. నాలుగు రోజులు తిరిగి "లేవు" అని సంతకం పెట్టినవాళ్లకి ఆ లెక్క తెలియక కాదు. ఎవరూ అడగలేదు, అంతే.

మామయ్య: ఐదింట ఒకటి అన్నది నువ్వు ఊహించుకున్న అంకె.

మేనకోడలు: ఉదాహరణకి చెప్పాను. నిజం అంకె కావాలంటే అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ఎన్నిసార్లలో ఎన్నిసార్లు కనబడిందో రాసుకోవాలి. మీరు ఏటి నీళ్లు కొలవలేదా? ఒక్క ఏడాది ప్రవాహం చూసి టర్బైన్ సైజు తేల్చారా ఎప్పుడైనా? ఏళ్ల తరబడి రికార్డులు తెచ్చి, పదేళ్లలో తొమ్మిదేళ్లు కచ్చితంగా వచ్చే నీళ్లెన్నో తేల్చి, దాని మీద కరెంటు లెక్క కట్టారు. నీళ్లకి ఇరవై, ముప్పై ఏళ్లు. ఆ నీళ్లలో బతికేవాటికి పద్దెనిమిది రోజులు.

మామయ్య: నీళ్లు ఎన్నొస్తాయో తప్పు లెక్క వేస్తే ప్రాజెక్టు మునుగుతుంది. అప్పు ఇచ్చినవాడు ఊరుకోడు.

మేనకోడలు: ఆ నీళ్లలో బతికేవాటి లెక్కలో తప్పు చేస్తే ఊరుకోకుండా ఉండేవాడే లేడు. మీరే చెప్పేశారు.

(ఇక్కడ కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజానికి వాదన అంతా ఇదే అని నాకనిపించింది. కానీ ఇద్దరూ ఆపేరకం కాదు.)

మామయ్య: అయితే ఒక్క ఉదాహరణ చెప్పు. సర్వే సరిగ్గా చేయకపోవడం వల్ల నిజంగా ఒక జాతి పోయిన చోటు.

మేనకోడలు: కిహాన్సీ. టాంజానియాలో ఉద్‌జుంగ్వా కొండలు. అక్కడ ఏరు ఒక గండిలోకి జలపాతాలుగా దూకేది. ఆ నీళ్ల తుంపర్లు రాత్రీ పగలూ పడుతూ ఉండేవి. ఆ తుంపర్లలో తడిసే పచ్చిక, నాచు అన్నీ కలిపి రెండు హెక్టార్లు ఉంటుందేమో. 180 మెగావాట్ల ప్రాజెక్టు ఒప్పుకున్నప్పుడు ఆ తడి పచ్చికలో ఏముందో ఎవరికీ తెలియదు. నిర్మాణం నడుస్తుండగా 1996లో ఒక కప్ప దొరికింది. మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. పసుపు రంగు. గుడ్లు పెట్టకుండా ఏకంగా పిల్లల్ని కంటుంది. ప్రపంచం మొత్తం మీద ఆ రెండు హెక్టార్లలో తప్ప ఇంకెక్కడా లేదు. టర్బైన్లు తిరగడం మొదలయ్యాక గండిలోకి వచ్చే నీళ్లు దాదాపు పదోవంతుకి పడిపోయాయి. తుంపర్లు ఆగిపోయాయి.

మామయ్య: తర్వాత స్ప్రింక్లర్లు పెట్టారుగా. నేనూ చదివాను.

మేనకోడలు: పెట్టారు. గొట్టాలు వేసి, నాజిళ్లు బిగించి, జలపాతం చేసే పనిని ప్లంబింగ్‌తో చేయించారు. 2000లో దాదాపు ఐదువందల కప్పల్ని పట్టి అమెరికా జూలకి పంపారు. గండిలో ఉన్నవి కోలుకుంటున్నాయి అనుకునేలోపే 2003లో కొన్ని నెలల్లో కుప్పకూలాయి. 2009లో, ముప్పున్న జాతుల జాబితా తయారుచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ వాళ్లు అడవిలో అంతరించిపోయిందని ప్రకటించారు. జూలో పెరిగిన వాటి పిల్లల్ని 2012లో మళ్లీ తీసుకొచ్చి వదిలారు.

మామయ్య: కథ పూర్తిగా చెప్పమ్మా. 2003లో వాటిని చంపింది కైట్రిడ్ అనే ఫంగస్. దాన్ని ఆ గండిలో తిరిగిన పరిశోధకుల బూట్లే మోసుకొచ్చి ఉండొచ్చన్న అనుమానం కూడా ఉంది. ఇంకో సంగతి. ప్రాజెక్టు రాకపోతే ఆ గండిలోకి ఎవరు దిగేవారు? సర్వేలు జరిగాయి కాబట్టే దానికో పేరొచ్చింది. లేకపోతే ఏదో ఒక ఏడు పేరు లేకుండానే పోయేది.

(ఇది చిన్న మాట కాదు. కొండ లోపలి లోయల్లో ఏముందో మనకి తెలిసినదాంట్లో చాలా భాగం ఇలాంటి ప్రాజెక్టుల పుణ్యమే. మేనకోడలు కూడా వెంటనే జవాబివ్వలేకపోయింది.)

మేనకోడలు: పేరొచ్చింది నిజమే. ఫంగస్ సంగతీ నిజమే. కానీ వరస తప్పింది మామయ్యా. ముందు కట్టడం, మధ్యలో కప్ప దొరకడం, ఆఖరున స్ప్రింక్లర్లు. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు. ఇదే కప్ప డిజైన్ దశలో దొరికి ఉంటే, గండిలోకి ఎన్ని నీళ్లు వదలాలన్నది కాగితం మీదే తేలిపోయేది. అప్పుడు కాగితం మీద గీత జరిపితే సరిపోతుంది. సొరంగం తవ్వేశాక జరపడానికి ఏముంటుంది?

మామయ్య: నీళ్లు ఎలాగూ వదులుతున్నాం. ఎండాకాలంలో ఇంత శాతం, వానాకాలంలో ఇంత శాతం అని నిబంధనలు ఉన్నాయి.

మేనకోడలు: శాతం నీళ్లకి సంబంధించిన అంకె. బతుకుకి ఏ నెలలో ఎంత, ఎంత నిలకడగా అన్నది కావాలి. ఏటి రాళ్ల మీద నాచులా పరుచుకుని ఉండే మొక్కలుంటాయి, పోడోస్టెమేసీ కుటుంబం. చూస్తే నాచే అనుకుంటారు గానీ పూలు పూసే మొక్కలు. వానాకాలమంతా ఉరకలేసే నీళ్ల కింద పెరుగుతాయి. నీళ్లు తగ్గి రాయి బయటపడగానే పూసి, కాసి, విత్తనాల్ని అదే రాయికి అంటించుకుని పోతాయి. వాటికి నీటిమట్టం దిగడమే క్యాలెండర్. సాయంత్రం డిమాండ్ ఉన్నప్పుడు టర్బైన్లు తిప్పి, రాత్రి ఆపేస్తే కింది ఏరు రోజూ పొంగుతుంది, రోజూ దిగుతుంది. శాతం లెక్క సరిగ్గానే ఉంటుంది. కానీ మొక్కకి క్యాలెండర్ చిరిగిపోయింది.

మామయ్య: దీనికి నా దగ్గర జవాబు లేదు. ఆ మొక్క పేరే ఇప్పుడు వింటున్నాను.

మేనకోడలు: ఈ నివేదిక రాసినవాళ్లు కూడా వినలేదు. మొక్కల పట్టికలో చెట్లు, పొదలు, గడ్డి. ఏటి మధ్యలో రాళ్లెక్కి చూసినవాళ్లు లేరు.

మామయ్య: కానీ వైవిధ్య సూచిక మంచిగానే వచ్చిందే. షానన్ ఇండెక్స్ మూడు దాటింది. ప్రాజెక్టు స్థలంలో కూడా, పైన దట్టమైన అడవి కంటే ఎక్కువ.

మేనకోడలు: అందుకే నాకు భయమేసింది! రోడ్డు పక్క కలుపు మొక్కలన్నీ చేరాయి. లాంటానా ఒక జాతి, పార్థీనియం ఒక జాతి, ఇంకా ఏవేవో. ఒక్కొక్కటీ కొన్ని కొన్ని. ఆ సూత్రానికి ఎన్ని రకాలు, ఎంత సమానంగా ఉన్నాయి అన్నదే తెలుసు. ఎవరెవరన్నది తెలియదు. లోపల అడవిలో రెండు మూడు రకాల చెట్లు ఎక్కువగా ఉండి, వాటి నీడన ఆ కొండకే పరిమితమైన మొక్కలు పది ఉంటే సూచిక తగ్గుతుంది. అడవిని కొట్టి రోడ్డు వేస్తే పెరుగుతుంది. అంకె పెరిగిందని సంబరపడితే లాంటానాకి దండ వేసినట్టే.

(ఇలాంటి పట్టికల్ని నేనూ చూశాను. మూడు దశాంశాల దాకా అంకె ఉంటే మనసు ఎందుకో నమ్మేస్తుంది.)

మామయ్య: ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చిందిగా. ఏటిలో నీళ్లు ఒక సీసాలో పట్టి డీఎన్ఏ పరీక్ష చేస్తే ఏ చేప, ఏ కప్ప ఉందో చెప్పేస్తుందట. తాళ్లు కట్టుకుని దిగే పని లేదు.

మేనకోడలు: మంచి పద్ధతే, వాడాలి కూడా. అయితే దొరికిన డీఎన్ఏని పోల్చి చూసుకోవడానికి మన దగ్గర ముందే ఒక నమూనా ఉండాలి. లేకపోతే అది పేరు లేని గీతగా మిగిలిపోతుంది. కొండ ఏళ్లలో అలాంటి గీతలే ఎక్కువ. పైగా నీళ్లు పారుతూ ఉంటాయి. సీసాలో దొరికింది ఇక్కడిదో, పైనుంచి కొట్టుకొచ్చిందో చెప్పడం కష్టం.

మామయ్య: నువ్వు చెప్పేవన్నీ విన్నాను. ఇక నా మాట విను. నువ్వు అడిగే సర్వేకి నాలుగేళ్లు కావాలి. ఆ నాలుగేళ్లూ ఊళ్లకి కరెంటు ఎక్కడినుంచి వస్తుంది? బొగ్గు. అది కాల్చి ఎండలు ముదిరితే నీ కప్ప చల్లదనం కోసం కొండ పైకి ఎక్కాలి. కొండ చివర దాకా ఎక్కాక ఎటు పోతుంది? ఆలస్యం కూడా ఒక నిర్ణయమే. దాని ఖర్చు మీ పట్టికల్లో ఎక్కడా ఉండదు.

మేనకోడలు: ఆ కాలమ్ పెట్టమనండి, సంతోషంగా ఒప్పుకుంటాను. కానీ తొందరపడితే ఆలస్యం తప్పుతుందా? అరుణాచల్ ప్రదేశ్‌లో, దిబాంగ్ లోయలో ఎటాలిన్ ప్రాజెక్టు చూడండి. 3,097 మెగావాట్లు, రెండున్నర లక్షలకి పైగా చెట్లు. అన్ని సీజన్లూ కలిసొచ్చేలా అధ్యయనం చేయమని 2017లో అటవీ సలహా కమిటీ అడిగింది. నాలుగైదు నెలల పనితో సరిపెట్టారు. 2022 చివరికి, ఈ రూపంలో ఒప్పుకోలేమని కమిటీ వెనక్కి పంపింది. 2017లోనే మొదలుపెట్టి మూడేళ్లు నిజంగా చేసి ఉంటే 2020కి అయిపోయేది. అదే జిల్లాలో 3,630 మీటర్ల ఎత్తున, మంచులో, కెమెరా ట్రాప్‌కి పులి చిక్కింది. అంత ఎత్తులో పులి ఉంటుందని ఎవరనుకుంటారు?

మామయ్య: కేరళలో సైలెంట్ వ్యాలీ అడవి దగ్గర కూడా ఇలాగే అన్నారు. ఒక కోతి కోసం 120 మెగావాట్లు వదులుకున్నారని మా బ్యాచ్‌లో అందరం తిట్టుకునేవాళ్లం. 1984లో దాన్ని నేషనల్ పార్కు చేశారు.

మేనకోడలు: ఇప్పుడూ తిడతారా?

మామయ్య: ఆ మెగావాట్లు ఇంకోచోట కట్టుకున్నారు. ఆ కోతులు ఇంకోచోట కట్టుకోలేవు కదా. (కాసేపాగి) ఇది నేనన్నానని మీ నాన్నకి చెప్పకు.

మేనకోడలు: ఒక్కటి అడుగుతాను. సొరంగం తవ్వుతుంటే అనుకోకుండా మెత్తటి రాయి తగిలినా, నీళ్లు ఉబికి వచ్చినా ఏం చేస్తారు?

మామయ్య: జియలాజికల్ సర్‌ప్రైజ్ అంటాం. కాంట్రాక్టులో దానికో క్లాజు ఉంటుంది. పని ఆపుతాం, డిజైన్ మారుస్తాం. అదనపు టైము, అదనపు డబ్బు ముందే పక్కన పెట్టి ఉంటాయి.

మేనకోడలు: కప్ప తగిలితే?

మామయ్య: ...దానికి క్లాజు లేదు.

మేనకోడలు: పెట్టొచ్చా?

మామయ్య: పెట్టొచ్చు. పెడితే ప్రతి కాంట్రాక్టరూ టెన్షన్ పడి రేటు పెంచుతాడు. ప్రతి నెలా ఎవరో ఒకరు కొత్త కప్ప అంటూ పని ఆపిస్తారు. అసలు అది కొత్తదో పాతదో తేల్చేది ఎవరు? ఎన్ని రోజుల్లో తేల్చాలి? అన్నాళ్లూ ఖాళీగా నిలబడ్డ మిషన్లకి అద్దె ఎవరిస్తారు?

మేనకోడలు: సొరంగంలో రాయి మెత్తగా ఉందో లేదో ఎవరు తేలుస్తారు?

మామయ్య: సైటులో మకాం వేసిన జియాలజిస్టు. ఇరవై నాలుగు గంటలూ అక్కడే ఉంటాడు.

మేనకోడలు: నేనుంటాను.

మామయ్య: జీతం ఎవరిస్తారు? ప్రాజెక్టువాళ్లే ఇస్తే, రేపు నీ పట్టికలో కూడా "లేవు" అనే వస్తుందని నువ్వే అంటావు.

(ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. నివేదిక తిరగేసి, చివరి వరసలో "లేవు" అన్న మాటని పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన "18 రోజుల్లో కనిపించలేదు" అని రాసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి, పద్దెనిమిది కింద గీత గీశారు. జీతం సంగతి మీద మళ్లీ మొదలుపెట్టారు.)