గాలి కొడితే గ్యాలరీ శుభ్రం కాదు

ఇంజన్ పని చేయించుకునేవారికి సలహాగా ఒక సందేశం ఫోన్లలో తిరుగుతోంది. నల్లగొండలోని మా షెడ్డుకు వచ్చినవాళ్లే నాకు చాలాసార్లు చూపించారు. బ్లాకు అంటే సిలిండర్లుండే ఇంజన్ ఒళ్లు, హెడ్డు దాని పై మూత. గ్యాలరీ అంటే బ్లాకు లోపల ఆయిల్ పారే పొడవాటి రంధ్రం, దాని చివరలు మూసే బిరడాలే గ్యాలరీ ప్లగ్గులు. సందేశం సారాంశం ఇది: "బ్లాకును డీజిల్‌తో కడిగి ఆయిల్ రంధ్రాల్లో గాలి కొడితే చాలు. గ్యాలరీ ప్లగ్గులు విప్పడం కూలి పెంచుకునే ఎత్తు. అల్యూమినియం హెడ్డును కాస్టిక్ సోడాలో నానబెడితే తళతళలాడుతుంది. మిగిలిన మురికిని కొత్త ఫిల్టర్ పట్టేస్తుంది."

చివరి మాటతో మొదలుపెడతాను, ఎక్కువ నష్టం దానివల్లే. ఆయిల్, ఇంజన్ అడుగున అది నిలిచే సంపులోంచి స్ట్రైనర్ (జల్లెడ), పంపు, ఫిల్టర్ దాటాకే గ్యాలరీలోకి వెళుతుంది. అక్కడినుంచి క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) మోసే మెయిన్ బేరింగులకు, క్రాంకు లోపలి రంధ్రాల గుండా పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగులకు. గ్యాలరీలో మిగిలిన గరుకు పొడి ముందుగా చేరేది వాటికే. క్రాంకుకూ బేరింగుకూ మధ్య ఖాళీ చాలా కార్లలో 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్లు. అక్కడ గీతలు పడ్డాక ఫిల్టర్ పట్టడమంటే, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే.

గాలి సంగతి. కాస్త సందు దొరికితే గాలి దూసుకుపోతుంది, గోడకు అంటిన జిగురు అక్కడే ఉంటుంది. మిర్యాలగూడ నుంచి ఒక కారు వచ్చింది. ఇంజన్ పని చేయించి నెల తిరగలేదు, లోపల టకటక. ప్లగ్గు విప్పి దాని వెనక గోటితో గీరితే కాటుకలాంటి ముద్ద వచ్చింది. వేళ్ల మధ్య నలిపితే కరకరలాడింది. అది హోనింగ్ రాతి పొడి, అంటే సిలిండరు లోపలి గోడను సానబెట్టినప్పుడు రాలేది. డీజిల్ జిడ్డును కరిగిస్తుంది గాని ఈ పొడిని పూర్తిగా లేపదు. వేడి నీళ్లు, బట్టల సబ్బు పొడి, గ్యాలరీ పొడవునా దూరే బ్రష్షు కావాలి. మా బోరు నీళ్లలో నురగ కట్టదు కాబట్టి నల్లా నీళ్లే కాచుకుంటాను. గాలి ఆ తరువాత, తడి ఆరడానికి. వెంటనే ఆయిల్ పూయకపోతే ఇనుప బ్లాకు తుప్పు పడుతుంది.

కూలి మాట సగం నిజమే. కొన్ని బ్లాకుల్లో ప్లగ్గులు కొట్టి బిగించినవి, డ్రిల్లు పెట్టి తీసి కొత్తవి వేయాలి. ఖర్చవుతుంది. క్రాంకు, బేరింగులు మళ్లీ మార్చడం కన్నా తక్కువే.

కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. పైకి వచ్చే బుడగలు హైడ్రోజన్, నిప్పు తగిలితే మండుతుంది. ఆ తళతళ హెడ్డు అరిగిన గుర్తు.

ప్లగ్గులు తిరిగి బిగించే ముందు బండి యజమానిని పిలిచి, గ్యాలరీకి ఒక చివర టార్చి పెట్టి, రెండో చివర నుంచి చూడమంటాను. వెలుతురులో లోపలి గోడ నున్నగా కనబడేవరకు కొత్త బేరింగుల పెట్టె విప్పను.